మూడు జానల దారం

కోర్నెశెల్ అనే ఊళ్లో కొత్త గోడ లేస్తున్న చోటికి మధ్యాహ్నం పూట ఎవరూ దగ్గరగా పోరు. పోవలసి వస్తే ఉత్తరం వైపు నుంచి, గోడ నీడలో తమ నీడ దాచుకుని పోతారు. తెలియనివాళ్లు ఎవరైనా ఎండ వైపు నడుస్తుంటే, ఎక్కడో పొలంలో ఉన్నవాళ్లు కూడా నడుం ఎత్తి, "నీడ జాగ్రత్త" అని ఒక్క కేక వేస్తారు. అంతకు మించి చెప్పరు. చెప్పనక్కర్లేదు కూడా. గోడ నిలవనని మొరాయిస్తే మేస్త్రీ ఒక మనిషి నీడను ఆ మనిషికి తెలియకుండా దారంతో కొలుస్తాడనీ, ఆ దారాన్ని బోలు రెల్లులో దూర్చి రాళ్ల మధ్య పెట్టి కప్పేస్తాడనీ, ఆ మనిషి నలభై రోజుల్లో పోయి, ఆపైన గోడను పట్టుకుని ఉండిపోతాడనీ అక్కడ అందరికీ తెలుసు.

రఫీలాకు ఈ సంగతి ఊహ తెలియకముందే తగులుకుంది. ఆమె తల్లి సాన్‌ఫిరా, ఊరి చర్చి గోడలో ఉంది.

ఆ చర్చికి ఏడువందల ఏళ్లంటారు. కట్టినవాళ్లు రాయి కోసం దూరం పోలేదు. పక్క మైదానంలో రోమన్లు వదిలేసి పోయిన ఊరు ఉంటే, దాన్నే ఎత్తుకొచ్చి పేర్చారు. అందుకే ఒక మూల ఎవరిదో సమాధి రాయి తలకిందులుగా ఉంటుంది, దాని మీద అక్షరాలు కాళ్లు పైకెత్తి నిలబడ్డట్టు ఉంటాయి. తలుపు పక్కన ముఖం అరిగిపోయిన రాతి సింహం ఒకటి. గోడలు ఎంత మందమంటే కిటికీలో చెయ్యి పెడితే మోచెయ్యి దాటినా బయటి గాలి తగలదు. ఆ కిటికీలు కూడా జానెడు వెడల్పువి, పైన గుండ్రంగా విల్లులా వంగి ఉంటాయి. ఎండాకాలంలో కూడా లోపల ఊపిరి కనబడుతుంది.

బలిపీఠం వెనక గోడ అర్ధచంద్రంలా ఉంటుంది. దానికి దక్షిణం వైపు ఒక పెద్ద చీలిక వస్తే, 1891లో కొండ అవతలి నుంచి వచ్చిన మేస్త్రీలు అక్కడ ఊతగోడ కట్టారు. అప్పటికి రఫీలాకు ఎనిమిది నెలలు. తండ్రి ఆ వేసవిలోనే అడవిలో చెట్టు మీద పడి పోయాడు. సాన్‌ఫిరా చంటిపిల్లను చంకనేసుకుని మేస్త్రీలకు వండిపెట్టేది. పని అయిపోయింది, మేస్త్రీలు కొండ దాటి వెళ్లిపోయారు. సాన్‌ఫిరా ముప్పై ఎనిమిదో రోజున పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. తలనొప్పి అని కూడా అనలేదని నాన్నమ్మ చెప్పేది. కనుబొమల దాకా తలగుడ్డ బిగించి పూడ్చామని కూడా చెప్పేది. ఎందుకని అడిగితే మాత్రం మాట దాటేసేది.

చర్చి తాళంచెవి తరతరాలుగా ఆ ఇంటిదే. మోచేతి పొడవు ఇనుప తాళంచెవి నాన్నమ్మ తర్వాత రఫీలాకు వచ్చింది. దానితోపాటు శనివారం రొట్టె కూడా. ప్రతి శనివారం రఫీలా ఒక రొట్టె ముక్క తీసుకెళ్లి ఊతగోడలో నడుం ఎత్తున ఉన్న ఎర్రని ఇటుక మీద పెట్టేది. అది రోమన్ల ఇటుక, చుట్టూ ఉన్న రాళ్ల కంటే పలచన. దాని మీద అరచెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉండేది. అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెను తువ్వాలులో చుడితే పైకి తెలిసేంత వెచ్చదనం.

పొరుగింటి సవేటా దీన్ని వెక్కిరించేది. ఎండ తగిలే గోడ వెచ్చగా కాక చల్లగా ఉంటుందా అనేది. జనవరిలో మంచు పట్టి వారం రోజులుగా సూర్యుడు కనబడని పూట రఫీలా ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ ఇటుక మీద పెట్టించింది. సవేటా చెయ్యి వెనక్కి లాక్కుని ఏప్రన్‌కు తుడుచుకుంది. ఆ తర్వాత కూడా వెక్కిరించేది గానీ, దూరం నుంచి. "మా అత్త బతికుండి కూడా నా మాట వినదు. నీకేం వదినా, నీ గోడ వింటుంది" అనేది.

నిజంగానే వినేది. రఫీలా పెళ్లి సంగతి గోడకే ముందు చెప్పింది. యుద్ధంలో భర్త పోయాడని కాగితం వచ్చినరోజు నేరుగా అక్కడికే వెళ్లింది. పిల్లలు లేరు. నాన్నమ్మ లేదు. తల్లి ముఖం ఎలా ఉంటుందో తెలియదు, ఫోటో కూడా లేదు. ఆమెకున్నదల్లా ఆ అరచేతి వెడల్పు వెచ్చదనం.

1937 ఆగస్టులో ఆ ఊతగోడను పడగొట్టాలని కబురొచ్చింది.

రాజధాని నుంచి పాత కట్టడాలు చూసే వాళ్ల తరపున లివియు అనే ఆర్కిటెక్టు వచ్చాడు. ముప్పై దాటని మనిషి, మర్యాదస్థుడు, బూట్లు తుడుచుకోకుండా చర్చి గడప తొక్కేవాడు కాడు. ఫాదర్ ఆదివారం ప్రార్థన అయ్యాక అందరినీ ఆగమన్నాడు. లివియు పెద్ద కాగితం విప్పి, చర్చి మొదట ఎలా ఉండేదో గీసి చూపించాడు. దీన్ని రోమనెస్క్ పద్ధతి అంటారనీ, ఈ ప్రాంతంలో ఇంత చక్కగా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చనీ చెప్పాడు. ఆ ఊతగోడ వెనక ఒక కిటికీ మూసుకుపోయి ఉందన్నాడు. అంతకంటే ముఖ్యం, ఊతగోడకు సరైన పునాది లేదు. అది తన బరువుకు తానే కుంగుతూ, ఆనుకున్న గోడను కూడా తనతో బయటికి లాగుతోంది. ఇంకో రెండు చలికాలాలు ఆగితే బలిపీఠం గోడ మొత్తం ఒరుగుతుంది.

ఊరివాళ్లు కాగితం వైపు చూడలేదు. రఫీలా వైపు చూశారు.

ఆ సాయంత్రం తాళంచెవి కనబడకుండా పోయింది. ఫాదర్ మూడు రోజులు ఓపిక పట్టి, నాలుగో రోజు రఫీలా ఇంటికి వచ్చి, పిండి తొట్టెలో వెతికావా అమ్మా అని అడిగాడు. పోగొట్టుకున్నవాళ్లు వెతకని చోటు అదొక్కటేనట. రఫీలా ముఖం కందగడ్డయింది. అయినా తీసి ఇవ్వలేదు. ఆ ఆర్కిటెక్టునే వచ్చి అడగమంది.

లివియు వచ్చాడు. ఆమె కుర్చీ వేసింది, ఆలూబుఖారా సారా చిన్న గ్లాసులో పోసింది. గోడ పడగొడితే లోపల ఉన్నవాటిని ఏం చేస్తారని అడిగింది. రాళ్లూ సున్నమే కదమ్మా అన్నాడతను.

"మా అమ్మ ఉంది బాబూ" అంది రఫీలా.

అతను నవ్వలేదు. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు. నవ్వినా బాగుండేదనిపించింది ఆమెకు. రాసుకోవడం అయ్యాక అతను, గోడ ఉంటే రెండేళ్లలో అదీ పోతుంది, చర్చీ పోతుంది, తీస్తే చర్చి అయినా మిగులుతుంది అని నిదానంగా చెప్పాడు. ఆమెకు అర్థమైంది. అర్థం కావడమే బాధ. పిండి తొట్టెలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసి, దులిపి, బల్ల మీద పెట్టింది. మొదటి రాయి నుంచి చివరి రాయి దాకా తను అక్కడే ఉంటానంది. లివియు ఒప్పుకున్నాడు.

ఊతగోడ లోపల ఎలా కట్టారో తెలిసిన మనిషి దొరికితే మంచిదని లివియు కొండ అవతలికి ఉత్తరాలు రాశాడు. నాటి జట్టులో బతికున్నది ఒక్కడే. అరవై ఎనిమిదేళ్ల ఒప్రియా మేస్త్రీ, పనిముట్ల సంచి భుజాన వేసుకుని కాలినడకన కొండ దాటి వచ్చాడు. పనివాళ్లకు భోజనం రఫీలా ఇంట్లోనే కాబట్టి ముందు అక్కడికే పంపారు. కంచె దగ్గర నిలబడి, ఈ ఇల్లు ఎవరిదమ్మా అని అడిగాడు. తను సాన్‌ఫిరా కూతురినని రఫీలా చెప్పింది.

ముసలాయన సంచి కింద పెట్టేశాడు. రెండు చేతులతో కంచె పట్టుకున్నాడు.

"చిన్నదానివా?" అన్నాడు. "అప్పుడు చంకలో ఉన్నదానివేనా?"

"మా అమ్మకు నేనొక్కదాన్నే, మేస్త్రీ."

అతను ఆమె ముఖం చూడలేదు. ఆమె కాళ్ల దగ్గర, నేల మీద పడిన ఆమె నీడను చూశాడు. చాలాసేపు చూశాడు. వయసు మీదపడి చూపు మందగించిందేమో అనుకుంది రఫీలా.

పని సెప్టెంబరు మధ్యలో మొదలైంది. సున్నం ఆరకముందే మంచు పడితే పొడి అయిపోతుంది కాబట్టి అక్టోబరు లోపల ముగించాలి. ఒప్రియా, ఇద్దరు పనివాళ్లు పై నుంచి రాళ్లు ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చారు. లివియు ప్రతి రాయికీ సుద్దతో నంబరు వేశాడు. రఫీలా గడ్డి మీద ముక్కాలిపీట వేసుకుని, ఒళ్లో ఉన్ని వడుకుతూ కూర్చునేది. కట్టడం కాదు, విప్పడమే కాబట్టి నీడకు భయం లేదని ఫాదర్ అన్నాడు. అయినా ఊరివాళ్లు ఉత్తరం వైపు నుంచే పోయారు.

రఫీలా కొన్ని సంగతులు గమనించింది. ఒప్రియా ఎప్పుడూ ఆమె నీడ తొక్కేవాడు కాదు. రాయి మోస్తూ వస్తున్నా సరే, ఆమె నీడ చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఒకరోజు పనివాళ్లలో ఒకడు తొక్కితే, తాపీ విసిరి కొట్టబోయాడు. వాడు నోరు తెరుచుకుని చూశాడు. ఇంకొకటి, ఒప్రియా చేతులు పై వరసల్లో చకచకా ఆడేవి. కిందికి దిగుతున్నకొద్దీ నెమ్మదించాయి. ఎర్ర ఇటుక వరస దగ్గరపడ్డాక, రోజుకు నాలుగు రాళ్లు కూడా తీసేవాడు కాదు.

మూడోది భోజనం సంగతి. మొక్కజొన్న సంకటి, గొర్రె జున్ను, చిక్కుడుగింజల పుల్లచారు, ఏది పెట్టినా ఒప్రియా మొదటి ముద్దకే తల ఊపి ఉప్పు లేదనేవాడు. రఫీలా వంటకు ఊళ్లో పేరుంది. మొదటిరోజు ఊరుకుంది, రెండోరోజు ఉప్పు డబ్బా ఎదురుగా పెట్టింది, మూడోరోజు ఒళ్లు మండింది.

"మీ ఆవిడ ఉప్పు గనిలో పుట్టిందా మేస్త్రీ?"

"మీ అమ్మ వేసేది" అన్నాడు ఒప్రియా. "సాన్‌ఫిరా సంకటి నోట్లో పెట్టుకుంటే నాలుక చురుక్కుమనేది. ఆ చెయ్యి నీకు రాలేదు."

రఫీలా గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నలభై ఆరేళ్లలో తల్లి ఎలా చనిపోయిందో అందరూ చెప్పారు. ఉప్పు ఎంత వేసేదో ఒక్కరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమె అతనికి కడుపు నిండా పెట్టి, కొంచెం కొంచెంగా అడిగేది. నడిచేటప్పుడు కుడికాలు కొద్దిగా లోపలికి వేసేదట. పాడేది కాదట గానీ ఈల వేసేదట, అత్తగారు తిట్టేదట. జడ మోకాలి వెనక దాకా ఉండేదట. నీ ఎత్తే, అని చెప్పాడు, ఒక వేలు కూడా తేడా లేదు.

సెప్టెంబరు ఆఖరున లివియు ఫోటో పలకల కోసం పట్నం వెళ్లాడు. పనివాళ్లు సున్నం తేవడానికి బట్టీకి వెళ్లారు. మధ్యాహ్నం ఎండలో ఇద్దరే మిగిలారు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నపు నీడ సరిగ్గా మనిషంత ఉంటుంది. వేసవిలో మరుగుజ్జు, చలికాలంలో తాటిచెట్టంత. ఏడాదిలో ఈ కొద్ది రోజులే మనిషికి సరిపోయిన నీడ. పాత మేస్త్రీలు కొలతకు ఈ రోజులే ఎంచుకునేవారు.

ఒప్రియా ఎర్ర ఇటుక పక్కనున్న రాయి కదిలించాడు. సున్నం రాలింది. వేళ్లు పెట్టి ఒక రెల్లు ముక్క బయటికి తీశాడు. రెండు వైపులా మైనం పెట్టి మూసి ఉంది. వెతకలేదు. తన ఇంటి అలమరాలో పెట్టినదాన్ని తీసినట్టు తీశాడు.

రఫీలా లేచి నిలబడింది. ఒళ్లోని ఉన్ని ఉండ దొర్లిపోయింది.

"మీరే పెట్టారా?"

ఒప్రియా గోరుతో మైనం తీసి, రెల్లు చీల్చి, లోపలి నార దారాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు. పసుపు రంగుకు తిరిగింది గానీ పుచ్చిపోలేదు. రఫీలా దాని ఒక కొసను బొటనవేలితో నొక్కి, జాన పరిచింది. తల్లి తన ఎత్తే కదా, తన ఎత్తు ఏడు జానలు. ఒకటి, రెండు, మూడు. దారం అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి కొలిచింది. మూడే.

"తెగిపోయిందా?"

"తెగలేదు. అంతే ఉంది."

"ఇది మా అమ్మది కాదు."

"కాదు" అన్నాడు ఒప్రియా. "నీది."

 ఒప్రియా రాళ్ల గుట్ట మీద కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని చెప్పాడు. పెద్ద మేస్త్రీ, వంట తెచ్చే ఆ ఆడమనిషిని కొలవమన్నాడు. అప్పటికి రెండుసార్లు ఊతగోడ విరిగిపడింది. ఒప్రియాకు ఇరవై రెండేళ్లు, కాదనగల వయసు కాదు. దారం పట్టుకుని వెళ్లాడు. సాన్‌ఫిరా ఇక్కడే, ఈ రాళ్ల దగ్గరే, చంటిదాన్ని చంకల కింద పట్టుకుని రాతి మీద నిలబెట్టి ఊరడిస్తోంది. పిల్లకు వారం రోజులుగా జ్వరం. ఆదివారం దాటదని ఊరంతా అనుకుంటోంది. అతనికి అన్నం పెడుతున్న చెయ్యి సాన్‌ఫిరాది.

"పోయేదే కదా అనుకున్నాను. ఎలాగూ పోయేదాన్ని కొలిస్తే ఎవరికీ నష్టం లేదనుకున్నాను. గోడ మీద నీ నీడ నిలబడి ఉంది. అటు కొస ఇటు కొస పట్టి తెంపేశాను. మూడోరోజు నీకు జ్వరం తగ్గింది."

రఫీలా దారాన్ని వేలికి చుట్టుకుంది.

"నవ్వుతూ వచ్చి చెప్పింది మీ అమ్మ. పిల్ల లేచి కూర్చుంది, పాలు తాగింది అని. ఆ రోజు సంకటి మీద వెన్న కూడా వేసింది. నేను ముద్ద మింగలేకపోయాను. చెప్పేశాను. తిడుతుంది, కొడుతుంది అనుకున్నాను. ఒక్క మాట అడిగింది."

"ఏమని?"

"సున్నం ఇంకా తడిగానే ఉందా, అని."

దూరంగా ఎవరిదో బండి గతుకుల్లో పోతున్న చప్పుడు వినబడింది. ఒప్రియా ఆ రాత్రే కొండ దాటి పారిపోయాడట. తల్లి పోయిందో, పిల్ల పోయిందో, ఇద్దరూ పోయారో అతనికి తెలియదు. తెలుసుకోలేదు. ఉత్తరం వచ్చినప్పుడు, ఆ పిల్ల సమాధి దగ్గర ఒక కొవ్వొత్తి పెట్టి వద్దామని బయలుదేరాడు. కంచె దగ్గర సమాధే నిలబడి, సాన్‌ఫిరా కూతుర్నని చెప్పింది.

రఫీలా అతని చేతిలోని తాపీ తీసుకుంది. ఎర్ర ఇటుక చుట్టూ ఉన్న సున్నాన్ని, రొట్టెల పొయ్యి అడుగున అంటుకున్న మాడు గోకినట్టు, ఓపిగ్గా గోకింది. ఇటుక ఊడి వచ్చింది. దాని వెనక రాళ్ల సందులో, సున్నంలో కూరుకుని, ఒక జడ ఉంది. మెలిక మీద మెలికగా చుట్టి కుక్కినట్టుంది. కొసన ఎర్ర ఉన్ని దారం ముడి. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

కనుబొమల దాకా తలగుడ్డ ఎందుకు బిగించారో ఆమెకు అప్పుడు తెలిసింది. మూడు జానల నీడకు బదులుగా ఏడు జానల మనిషి వచ్చి నిలబడింది. గోడ ఆ మనిషినే తీసుకుంది.

ఆమె జడను ఏప్రన్‌లో పెట్టుకుని గడ్డి మీద కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తెలియదు. జడ మెల్లగా చల్లబడింది. ముందు కొస, తర్వాత మధ్య, ఆఖరున మొదలు. కాలవలో చేప ప్రాణం పోయినంత నిశ్శబ్దంగా పోయింది ఆ వెచ్చదనం.

ఒప్రియా టోపీ తిరిగి తలకు పెట్టుకున్నాడు. గోడకు ఇచ్చింది తీసేస్తే గోడ ఊరుకోదని, మళ్లీ అడుగుతుందని, ముందు ఎవరి నీడ అందితే వాళ్లదే తీసుకుంటుందని చెప్పాడు. ఇక్కడ రోజూ కూర్చునేది ఆమే. లేచి, సూర్యుడికి వీపు పెట్టి, గోడకు ఎదురుగా నిలబడ్డాడు. వంగిన వీపుతో అతని నీడ గోడ అడుగున ముద్దగా పడింది.

"నన్ను కొలువు అమ్మాయ్. నలభై ఆరేళ్లు ఎక్కువే తిన్నాను."

"నా చేత్తో నేను ఎవర్నీ కొలవను" అంది రఫీలా. "పక్కకు రండి. ఎండలో నిలబడకండి."

జడను ఆమె ఆ సాయంత్రమే తల్లి సమాధిలో, తల ఉండే వైపు, మోచేతి లోతు తవ్వి పెట్టింది. మూడు జానల దారాన్ని మాత్రం ఒప్రియా మట్టిలో పెట్టనివ్వలేదు, బతికున్నవాళ్లది బతికున్నవాళ్ల దగ్గరే ఉండాలన్నాడు. మగ్గం మీద సగం నేసిన తువ్వాలుంటే అందులో పేకలో కలిపి నేసేసింది. పట్నం నుంచి వచ్చిన లివియుకు ఖాళీ రెల్లు ముక్క ఇచ్చింది. అతను దాన్ని కాగితంలో చుట్టి, పైన తేదీ వేసి, ఇందులో ఏమైనా ఉండేదా అని అడిగాడు. గాలి, అంది రఫీలా.

ఊతగోడ నేలమట్టమైంది. దాని వెనకనుంచి కిటికీ బయటపడింది. ఒంటి రాతిలో తొలిచిన సన్నని సందు, పైన అరచంద్రపు వంపు. రాళ్లు తీశాక మొదటి మధ్యాహ్నం లోపలికి కత్తి అంచంత వెలుగు దిగి, ఎదుటి గోడ మీద ఎవరికీ గుర్తులేని ఒక సాధువు ముఖాన్ని చూపించింది. కళ్లు ఎవరో ఎప్పుడో గోకేశారు. ఊరివాళ్లు వచ్చి చూసి, సిలువ గుర్తు వేసుకుని వెళ్లారు. బాగుందని ఒకరిద్దరు అన్నారు. సవేటా మాత్రం రఫీలా భుజం తట్టి, ఈసారి వెక్కిరించకుండా ఊరుకుంది.

ఇక మిగిలింది పాత చీలిక పూడ్చడం. ఆ పని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఒప్రియా ఒక్కడే చేశాడు. చీలిక అంచులు కడిగి, చిన్న రాళ్లు ఏరి, గుడ్డ కుట్టినట్టు ఇటు నుంచి అటు కలుపుకుంటూ వెళ్లాడు. నాలుగోరోజు మధ్యాహ్నం కాస్త ముందు రఫీలా ఇంటికి వచ్చి, గోడ నిటారు చూసే గుండు దారం తెగిపోయింది, ఒక దారం ఉంటే ఇవ్వమన్నాడు. ఆమె మగ్గం మీద నుంచి ఎర్ర ఉన్ని దారం ఒక బార తెంపి ఇచ్చింది.

"ఉన్ని సాగుతుంది మేస్త్రీ. గుండుకు పనికి రాదేమో."

"సాగితే సాగనీ" అన్నాడు. "ఎక్కువ దూరం కాదు."

రెండు రోజుల తర్వాత, పని ముగించుకుని అతను వెళ్లిపోయాడు. దారిలో తినమని ఆమె రొట్టె, జున్ను కట్టి ఇచ్చింది. కంచె దాటాక అతను ఆగి, మూట విప్పి, ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, తల ఊపాడు. ఉప్పు లేదు. రఫీలా నవ్వింది. తల్లి సంగతి తెలిసిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత శనివారం వచ్చింది. రొట్టె ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గోడ అడుగున, ఊతగోడ ఉండిన చోట, గడ్డి మొలవని నేల మీద పెట్టింది. గోడకు చెయ్యి ఆనించింది. చల్లని రాయి. ఆమె మాట్లాడబోయి, ఎవరితోనని ఆగిపోయింది. రొట్టెను కాకులు తన్నుకుపోయాయి. చర్చి నిటారుగా నిలబడి ఉంది, చక్కగా ఉంది, లోపల ఎవరూ లేనట్టు ఉంది. నాలుగు శనివారాలు ఆమె అలా వెళ్లి వచ్చింది. ఐదోసారి రొట్టె తీసుకెళ్లలేదు.

నవంబరులో గొర్రెల కాపరులు కొండ దిగారు. వాళ్లలో ఒకడు రఫీలా కంచె దగ్గర ఆగి, గోనెగుడ్డలో చుట్టిన తాపీ ఒకటి ఇచ్చాడు. ఒప్రియా మేస్త్రీ ఆమెకు ఇవ్వమన్నాడట. ఆయనేడీ అంటే, పోయిన మంగళవారం పోయాడన్నాడు. జబ్బేమీ లేదు. గడప మీద కూర్చుని బూటు విప్పుకుంటూ ఒరిగిపోయాడు. ముసలాయన కదమ్మా, అని గొర్రెల వెనక వెళ్లిపోయాడు.

రఫీలా వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎర్ర దారం ఇచ్చిన రోజు నుంచి పోయిన మంగళవారానికి ముప్పై తొమ్మిది.

ఏ మేస్త్రీ అయినా గుండుకు ఉన్ని దారం కడతాడా. ఆ మాట తనే అన్నది, తనే మరచిపోయింది. ఆ రోజు తను ఇంట్లో చారు కలుపుతున్నప్పుడు, అతను అక్కడ ఒంటరిగా, సూర్యుడికి వీపు పెట్టి, దారం ఒక కొస రాయి కింద అణిచిపెట్టి, రెండో కొస పట్టుకుని తన నీడ వెంట వంగుతూ వంగుతూ వెళ్లి ఉంటాడు. కొలిచేవాడు కదిలితే నీడ కదులుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాడో. కొలవనని ఆమె అన్నది, కొలవలేదు కూడా. దారం మాత్రం ఆమె చేతి నుంచే వెళ్లింది.

మంచు కురుస్తోంది, మధ్యాహ్నమే గానీ ఎవరికీ నీడ లేని మధ్యాహ్నం. ఆమె దక్షిణం వైపు నుంచే నడిచి చర్చి దగ్గరికి వెళ్లింది. చీలిక పూడ్చిన గీత వెంట చెయ్యి ఆనించి కిందికి జరుపుకుంటూ వచ్చింది. చల్లన, చల్లన, చల్లన. నడుం ఎత్తుకు వచ్చేసరికి వెచ్చగా తగిలింది. రెండు రాళ్ల మధ్య సున్నంలోంచి వేలిగోరంత ఎర్ర ఉన్ని కొస పైకి కనబడుతోంది. పట్టుకుని లాగితే వచ్చేస్తుంది. కానీ అతను పోయి వారమైంది.

గోటితో ఆ కొసను లోపలికి నొక్కింది. జేబులో రొట్టె ముక్క ఉంది. పొద్దున తినడానికి వేసుకున్నది. దాన్ని కిటికీ కింద రాతి మీద పెట్టింది. తన నీడను కొలిచినవాడికి రొట్టె పెట్టాలా వద్దా అని ఆమె ఆలోచించలేదు. పెట్టేసి వెనుదిరిగింది.

గేటు దాకా వెళ్లి ఆగింది. ఇంటికి పోయి, ఉప్పు డబ్బా తీసుకుని తిరిగి వచ్చింది.